సాకెట్లో 114 వోల్టులు, పిన్ని ఇంట్లో సున్నా: ఏది ప్రమాదం?

ఈ రోజు ఎపిసోడ్ రెండు ఇళ్ల కథ. రెండూ మా ద్రాక్షారామంలోనే. ఒకటి మా ఇల్లు, రెండోది అదే వీధి చివర మా పిన్ని వాళ్ల ఇల్లు.

మా ఇంట్లో ఫ్రిజ్ సాకెట్లో మల్టీమీటర్ పెడితే వచ్చిన మూడు రీడింగులు రాసుకోండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 232 వోల్టులు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 118. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 114. ఇప్పుడు పిన్ని వాళ్ల ఇంట్లో రీడింగులు. 232, 232, సున్నా.

ఏ ఇల్లు బాగుంది అంటే ఎవరైనా పిన్ని ఇల్లే అంటారు. నేనూ అదే అన్నాను. "మీ వైరింగ్ సూపర్ పిన్నీ, మాదే దరిద్రం" అన్నాను కూడా. ఆ మాట ఎంత తప్పో తెలిశాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదండి. అందుకే ఈ వీడియో.

ముందే ఒక మాట. నేను ఎలక్ట్రీషియన్‌ని కాదు. బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ణి. ఈ వీడియోలో చెప్పింది అర్థం చేసుకోవడానికి. స్విచ్ బోర్డు విప్పే పని మాత్రం తెలిసినవాళ్ల చేతే చేయించండి.

మొదలు ఎక్కడంటే, సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు నా డెస్క్‌టాప్ కంప్యూటర్ కూడా తెచ్చుకున్నాను. ఇక్కడి నుంచే పని. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. మే నెలలో ఒక రోజు అమ్మ వంటింట్లోంచి పిలిచింది. "ఒరేయ్ నాన్నా, ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోందిరా."

నేను వెళ్లి ముట్టుకున్నాను. ఏమీ లేదు. "నీ భ్రమ అమ్మా" అన్నాను. అమ్మ నా కాళ్ల వైపు చూసింది. నాకు రబ్బరు చెప్పులు. అమ్మ ఉత్త కాళ్లతో, అప్పుడే తడిగుడ్డ పెట్టిన నేల మీద నిలబడి ఉంది. చెప్పులు వదిలేసి మళ్లీ ముట్టుకున్నాను. వేళ్ల చివర నిజంగానే జివ్వుమంది.

టెస్టర్ పెడితే ఫ్రిజ్ బాడీ మీద సన్నగా వెలిగింది. అప్పుడు మల్టీమీటర్ తీశాను.

మీటరు గురించి రెండు జాగ్రత్తలు. ఎర్ర ప్రోబ్ వోల్టులు అని రాసి ఉన్న రంధ్రంలోనే ఉండాలి. పది ఆంపియర్ల రంధ్రంలో మర్చిపోయి సాకెట్లో పెడితే అది నేరుగా షార్ట్ సర్క్యూట్. నాబ్ ఏసీ వోల్టుల మీద, 600 లేదా 750 రేంజ్‌లో పెట్టాలి. ప్రోబ్ ఇనుప మొనకి వేలు తగలకూడదు. కాళ్లకి చెప్పులు, నేల పొడిగా ఉండాలి.

మన మూడు పిన్నుల సాకెట్‌ని ఎదురుగా చూస్తే పైన ఉన్న పెద్ద రంధ్రం ఎర్త్. కింద కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. మూడు రంధ్రాలు కాబట్టి మూడు జతలు, మూడు రీడింగులు. చాలామంది ఫేజ్, న్యూట్రల్ మధ్య ఒక్కటే చూసి వదిలేస్తారు. అసలు సంగతి మిగతా రెండింట్లో ఉంటుంది.

మొదటి రీడింగు, ఫేజ్ న్యూట్రల్ మధ్యది. మన దేశంలో ఇంటి కరెంటు లెక్క 230 వోల్టులు. 1956 నాటి ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో పరిమితి ఆరు శాతం అటూ ఇటూ ఉండేది, అంటే సుమారు 216 నుంచి 244 వరకు. కొందరు "మా ఇంట్లో రాత్రి 248 చూపిస్తోంది, మీటరు పాడైందా" అని అడుగుతుంటారు. మీటరు బాగానే ఉండొచ్చు. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులని 433 వోల్టులకి దించుతుంది. 433ని 1.732తో భాగించండి, 250 వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే ఉన్న ఇంట్లో, లోడు లేని అర్ధరాత్రి, ఆ దగ్గరలో కనబడటం వింత కాదు. రోజంతా అలాగే ఉంటే మాత్రం ఫిర్యాదు చేయాల్సిందే. లైను చివర ఇళ్లలో దీనికి ఉల్టా, సాయంత్రం మోటార్లు ఆన్ అయ్యే వేళకి 200 కిందకి పడిపోతుంది.

రెండో రీడింగు, ఫేజ్ ఎర్త్ మధ్యది. ఇది దాదాపు మొదటిదానితో సమానంగా ఉండాలి. మూడోది, న్యూట్రల్ ఎర్త్ మధ్యది. ఒకటి, రెండు, మూడు వోల్టులు ఉండొచ్చు. ఈ మూడోది 230 చూపించి రెండోది సున్నా చూపిస్తే ఫేజూ న్యూట్రలూ తారుమారయ్యాయని అర్థం.

మా ఇంట్లో వచ్చింది ఇవేవీ కాదు. 118, 114. రెండూ కలిపితే 232. అంటే ఎర్త్ అనేది ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ సరిగ్గా మధ్యలో వేలాడుతోంది. భూమికి అంటుకుని ఉండాల్సిన తీగ గాల్లో ఉంది.

నాకు తెలిసిన దారిలో నేను వెళ్లాను. బగ్ దొరక్కపోతే ఒక్కొక్క మాడ్యూల్ తీసేసి చూస్తాం కదా, అలా మీటరు న్యూట్రల్ ఎర్త్ మధ్య పెట్టి, ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గులు ఒక్కొక్కటే తీయించాను. వాషింగ్ మెషిన్ తీస్తే మార్పు లేదు. మిక్సీ తీస్తే లేదు. పక్క గదిలో నా కంప్యూటర్ ప్లగ్ తీయగానే 114 కాస్తా దబ్బున పడిపోయింది. మళ్లీ పెట్టగానే లేచింది.

నేరస్థుణ్ణి నేనేనన్నమాట. ఫ్రిజ్‌లో దోషం లేదు.

ఇది ఎలాగంటే, కంప్యూటర్ పవర్ సప్లైలో ఫేజ్ నుంచి ఎర్త్‌కి ఒకటి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి ఒకటి, చిన్న కెపాసిటర్లు ఉంటాయి. రేడియో గోల ఆపడానికి కావాలనే పెడతారు. రెండూ సమానం కాబట్టి ఎర్త్ తీగ తెగిపోయి ఉంటే అది మధ్యలో, 115 దగ్గర నిలబడుతుంది. ఇంట్లో ఎర్త్ పిన్నులన్నీ ఒకే తీగకి కలిసి ఉంటాయి. అందుకే పక్క గదిలో కంప్యూటర్ పెడితే వంటింట్లో ఫ్రిజ్ జివ్వుమంది.

ఇందులో పారే కరెంటు చాలా తక్కువ. ఉదాహరణకి 4.7 నానోఫారడ్ కెపాసిటర్ అనుకుంటే 50 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు ఆరున్నర లక్షల ఓమ్‌ల పైమాటే. 230ని దాంతో భాగిస్తే మిల్లీఆంపియర్‌లో మూడో వంతు. జివ్వుమంటుంది, మనిషిని చంపదు. దీన్నే ఘోస్ట్ వోల్టేజ్, దెయ్యం వోల్టేజ్ అంటారు. డిజిటల్ మీటరు లోపలి అడ్డు కోటి ఓమ్‌ల దాకా ఉంటుంది. అది కరెంటు లాగదు కాబట్టి బలం లేని వోల్టేజీని కూడా ఉన్నట్టే చూపిస్తుంది.

మరి అది దెయ్యమో, నిజంగా ఫేజ్ ఎక్కడో బాడీకి తగులుతోందో తేల్చడం ఎలా? నాకు తెలీలేదు. మా వీధిలో పాత ఎలక్ట్రీషియన్ బాబాయ్ ఉన్నారు, ఆయన్ని పిలిచాను. ఆయన మీటరు తేలేదండి. ఒక హోల్డరు, దానికి రెండు వైర్లు, అందులో అరవై వాట్ల పాత ఫిలమెంట్ బల్బు. కోడిపిల్లలకి వెచ్చదనం కోసం పెట్టే బల్బు అది.

"ఎల్ఈడీ పెట్టొచ్చుగా బాబాయ్" అన్నాను.

"ఎల్ఈడీ దెయ్యానికి కూడా వెలుగుద్దిరా అబ్బాయ్. ఇది నిజం ఉంటేనే వెలుగుద్ది" అన్నారు.

స్విచ్ ఆపినా కొన్ని ఎల్ఈడీ బల్బులు రాత్రిపూట మినుకుమినుకుమనడం చూసే ఉంటారు. అదే ఇది. బాబాయ్ అమ్మని బయట కూర్చోమని, ఫ్రిజ్ ప్లగ్ తీయించి, బల్బు వైర్లు న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టారు. బల్బు వెలగలేదు. నా మీటరులో 114 కాస్తా సున్నా అయిపోయింది. బల్బు తీయగానే మళ్లీ 114.

నిజంగా ఫేజ్ తీగ ఎర్త్‌కి తగులుతుంటే ఆ బల్బు వెలగాలి, రీడింగు నిలబడాలి. పడిపోయింది కాబట్టి దెయ్యం. ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ బల్బుని ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టే ప్రయోగం మీరు చేయకండి. ఎర్త్ తెగి ఉంటే ఆ బల్బు ద్వారా ఇంట్లో ఉన్న ఇనుప బాడీలన్నిటికీ నిజమైన ఫేజ్ వెళ్తుంది. ఎవరి చెయ్యి ఎక్కడ ఉంటుందో మనకి తెలీదు.

తర్వాత పెరట్లో ఎర్త్ గుంత తవ్వాం. పైపుకి తీగని పట్టి ఉంచే క్లాంపు తుప్పు పట్టి విరిగిపోయి ఉంది. తీగ చివర పక్కనే మట్టిలో పడి ఉంది.

నాకు ఒక అనుమానం. కంప్యూటర్ జనవరి నుంచి ఉంది. క్లాంపు చూస్తే ఏళ్ల క్రితమే విరిగినట్టుంది. మరి జివ్వుమనడం మేలోనే ఎందుకు మొదలైంది? బాబాయ్ నవ్వి, "కాలవ కట్టేశారు కదరా" అన్నారు.

డెల్టాలో ఉన్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. దాళ్వా కోతలయ్యాక వేసవిలో కాలవలకి నీళ్లు ఆపేస్తారు. అప్పటిదాకా మా పెరట్లో రెండడుగులు తవ్వితే తేమే. ఆ తడిమట్టిలో పడి ఉన్న తెగిన తీగే మాకు అంతో ఇంతో ఎర్త్‌లా పనిచేసింది. మిల్లీఆంపియర్‌లో మూడో వంతు కరెంటుని దించడానికి అది చాలు. మట్టి ఎండగానే ఆ దారి మూసుకుపోయింది, జివ్వు బయటపడింది.

అంటే నాలుగు నెలలు మేం బాగుందనుకున్నది బాగుండి కాదు. మట్టి తడిగా ఉండి. ఆ నాలుగు నెలల్లో ఫ్రిజ్ లోపల ఫేజ్ తీగ నిజంగా బాడీకి తగిలి ఉంటే ఆ తెగిన తీగ మమ్మల్ని కాపాడేది కాదు.

కొత్త క్లాంపు వేశాం. గుంతలో ఉప్పు, బొగ్గు నింపి నీళ్లు పోశాం. ఇప్పుడు మీటరులో 232, 231, 1. ఇంట్లో ఉన్నవన్నీ ప్లగ్ తీసేసి, అందరినీ బయటికి పంపించి, అప్పుడు బాబాయ్ బల్బుని ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టారు. నిండుగా వెలిగింది. వెలుగుతుండగా వోల్టేజీ మూడు వోల్టులు తగ్గింది. అరవై వాట్ల బల్బు పావు ఆంపియర్ లాగుతుంది, సరిగ్గా 0.26. మూడుని 0.26తో భాగిస్తే పదకొండున్నర ఓమ్‌లు. ఇది ముతక లెక్కేనండి, అసలు కొలతకి ఎర్త్ టెస్టర్ అని వేరే పరికరం ఉంది. కానీ ఒక సంగతి తెలుస్తుంది. నిజంగా షార్ట్ అయితే 230ని పదకొండున్నరతో భాగించండి. 20 ఆంపియర్లు. మన బోర్డులో 16 ఆంపియర్ల ఎంసీబీ 20కి వెంటనే పడదు. చాలాసేపు అలాగే ఉండొచ్చు. ఆ సేపంతా ఫ్రిజ్ బాడీ మీద కరెంటు ఉంటుంది.

అందుకే ఆర్‌సీసీబీ. వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు రెండూ సమానమా కాదా అని అది చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే చాలు, కట్ చేస్తుంది. రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. మాకు అప్పటిదాకా లేదు. ఆ వారమే పెట్టించాం.

ఇప్పుడు పిన్ని ఇంటికి వద్దాం.

మా ఇల్లు బాగుపడ్డ ఉత్సాహంలో మీటరు పట్టుకుని వీధి చివరికి వెళ్లాను. 232, 232, 0.0. నేను మెచ్చుకున్నాను. పిన్ని చెప్పింది, "మొదట్లో మాకూ ఫ్రిజ్ జివ్వుమనేదిరా. ఒకాయన వచ్చి ఐదు నిమిషాల్లో సరిచేసి వెళ్లాడు. అప్పటి నుంచి ఏ గొడవా లేదు."

సాయంత్రం ఈ మాట బాబాయ్‌తో చెబితే ఆయన ముఖం మారింది. "ఐదు నిమిషాల్లో గుంత ఎలా తవ్వుతార్రా? పద" అన్నారు.

ఆయన ఇస్త్రీ పెట్టె అడిగారు. అదే బోర్డులో పక్క సాకెట్లో ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి, ఫ్రిజ్ సాకెట్లో న్యూట్రల్ ఎర్త్ మధ్య మీటరు చూడమన్నారు. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె నాలుగు ఆంపియర్ల పైన లాగుతుంది. ఆ కరెంటు న్యూట్రల్ తీగలో పారితే ఆ తీగ పొడవునా కొంత వోల్టేజీ పడాలి. ఎర్త్ తీగలో కరెంటు పారదు కాబట్టి దానికీ దీనికీ తేడా కనబడాలి. మా ఇంట్లో చేస్తే ఒకటిన్నర వోల్టు వచ్చింది. పిన్ని ఇంట్లో 0.0. కదల్లేదు.

మెయిన్ ఆపాం. ఆ మెయిన్ ఫేజ్, న్యూట్రల్ రెండిటినీ కట్ చేసే రకమే. ప్లగ్గులన్నీ తీసేశాం. మీటరు కంటిన్యూటీలో పెట్టి న్యూట్రల్, ఎర్త్ మధ్య ప్రోబ్‌లు ఆనించగానే బీప్ అంది. బోర్డు విప్పితే రెండంగుళాల వైరు ముక్క. ఎర్త్ పిన్ నుంచి న్యూట్రల్ పిన్‌కి. అంతే. ఆ ఇంటికి ఎర్త్ తీగే లేదు.

నా భాషలో చెప్పాలంటే, ప్రోగ్రామ్ సరిచేయకుండా, టెస్ట్ పాస్ అవడానికి ఆన్సర్‌ని నేరుగా కోడ్‌లో రాసేయడం ఇది. మీటరు ఆ రెండు రంధ్రాల మధ్య తేడా అడుగుతుంది. రెండిటినీ వైరుతో కట్టేస్తే తేడా సున్నా కాక ఇంకేం వస్తుంది? మార్కెట్లో మూడు లైట్ల సాకెట్ టెస్టర్లు వస్తున్నాయి, అవి కూడా ఈ సాకెట్‌ని "కరెక్ట్" అనే చూపిస్తాయి.

ఇందులో ప్రమాదం ఏంటంటే, ఆ న్యూట్రల్ తీగ వెనకాల ఎక్కడ ఊడినా చాలు. బోర్డులో స్క్రూ వదులైనా, స్తంభం మీద జాయింట్ ఊడినా సరే. ఫేజ్ ఫ్రిజ్ మోటారులోంచి న్యూట్రల్ పిన్‌కి వస్తుంది, ముందుకు దారి లేక ఆ రెండంగుళాల వైరు మీదుగా ఎర్త్ పిన్‌కి, అక్కణ్నుంచి ఫ్రిజ్ బాడీకి వెళ్తుంది. పూర్తి 230. దెయ్యం కాదు, బాబాయ్ బల్బు వెలిగే కరెంటు. ఎంసీబీ పడదు, ఎందుకంటే దాని దృష్టిలో ఏమీ జరగలేదు. ఇంట్లో మాత్రం లైట్లు ఆరిపోతాయి. కరెంటు పోయింది అనుకుని మనం ఏం చేస్తాం? నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తలుపు తీస్తాం.

ఇంకో దారి కూడా ఉంది. తుఫాను వచ్చి లైన్లు పడిపోయి, సర్వీస్ వైర్లు మళ్లీ కలిపేటప్పుడు రెండు తీగలు అటుదిటు ఇటుదటు అయితే అదే క్షణంలో ఫ్రిజ్ బాడీయే ఫేజ్. గోదావరి జిల్లాల్లో తుఫానులు ఎన్ని వస్తాయో మీకు తెలుసు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల్లో మన దేశంలో కరెంటు షాక్‌తో ఏటా పదివేల మందికి పైగా చనిపోతున్నారు.

పిన్ని అడిగిన ప్రశ్న మాత్రం నాకు గుర్తుండిపోయింది. "మరి జివ్వుమనడం ఆగిందని నేను సంతోషపడ్డాను కదరా?" ఏం చెప్పాలి? జివ్వుమనడమే అప్పటిదాకా ఆ ఇల్లు చెప్తున్న నిజం. ఎర్త్ లేదు, ఎర్త్ లేదు అని చెప్తోంది. ఆ నోరు కట్టేశారు.

ఆ ముక్క అప్పుడే తీసేశాం. ఫ్రిజ్ మళ్లీ జివ్వుమంది. రెండు రోజులు పిన్ని చెక్క పీట మీద నిలబడి ఫ్రిజ్ తీసింది. మూడో రోజుకి గుంత, పైపు, ఎర్త్ తీగ, ఆర్‌సీసీబీ అన్నీ అయ్యాయి. ఇప్పుడు ఇస్త్రీ పెట్టె పెడితే న్యూట్రల్ ఎర్త్ మధ్య 1.8 వస్తోంది. ఆ 1.8 చూసి బాబాయ్ "ఇది ఇల్లు" అన్నారు.

చివరగా గుర్తుపెట్టుకోవాల్సినవి చెప్పేస్తాను.

ఎర్త్ రీడింగులు రెండూ సగం సగం వస్తే ఎర్త్ తెగిందేమో చూడండి. దెయ్యం వోల్టేజ్ అని తేలిందని వదిలేయకండి. దెయ్యం చంపదు, కానీ తెగిన ఎర్త్ రేపు చంపుతుంది.

పక్కన పెద్ద లోడు పెట్టినా న్యూట్రల్ ఎర్త్ మధ్య ఖచ్చితంగా 0.0 నిలబడితే అనుమానించండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోర్డు విప్పించండి.

ఫేజ్ న్యూట్రల్ మధ్య రీడింగు ఊగుతుంటే, ఒక గదిలో లైట్లు మండిపోతూ ఇంకో గదిలో మసకబారుతుంటే, అది న్యూట్రల్ ఊడుతున్న గుర్తు. త్రీ ఫేజ్ ఇళ్లలో ఒక ఫేజ్ మీద 300 దాటి వెళ్లొచ్చు. కొలుస్తూ కూర్చోకండి. మెయిన్ ఆపేసి 1912కి ఫోన్ చేయండి.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. పడాలి. పడకపోతే మార్చండి.

కాలవ కట్టేసిన నెలల్లో ఎర్త్ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి. మా అమ్మ ఇప్పుడు తులసికోటకి పోసి, మిగిలింది దానికి పోస్తోంది.

మీ ఇంట్లో ఎవరైనా "జివ్వుమంటోంది" అంటే, నాలా చెప్పులు వేసుకుని ముట్టుకుని "నీ భ్రమ" అనకండి.